ఆకస్మిక వరద మోడల్ తప్పుతోంది: లోపం వానదా, నేలదా?

వాగులెక్క: చిన్న పరీవాహక ప్రాంతం, రెండే వర్షమాపకాలు. వచ్చిన వరద శిఖరంలో మోడల్ సగం కూడా చూపడం లేదు. ముందు వాన వివరాలు సరిచేయాలా, నేల వివరాలా? మోడల్ ప్రాంతాన్ని విడగొట్టే గ్రిడ్ గడి ఎంత పెట్టాలి?

చినుకు: వానే. కర్వ్ నంబర్ (వానలో ఎంత పారుతుందో చెప్పే నేల అంకె; పెద్దదైతే ఎక్కువ పారుతుంది) 70 అనుకోండి. అంతటా 60 మి.మీ. కురిస్తే పారేది సుమారు 10 మి.మీ. సగం ప్రాంతంలో 120 కురిసి మిగతా సగం పొడిగా ఉంటే సగటున 23. రెండింట్లోనూ సగటు వాన 60! అసలు జల్లు మీ మాపకాల మధ్య పడి ఉంటుంది.

మట్టివాసన: నేలను అంత తేలిగ్గా తీసేయకండి. ఇనుప వలయాలు దింపి ఇంకుడు కొలిచాను. నాలుగడుగుల దూరంలో రెండు చోట్లు. ఒకచోట పైన పొర గట్టిపడి గంటసేపు నీరు కదలలేదు. రెండోచోట పోసింది పోసినట్టే దిగిపోయింది. తవ్వితే కుళ్లిన వేరు వదిలిన బొరియ! నేల పటంలో రెండు చోట్లకూ ఒకే రంగు.

పాతలెక్క: చినుకు గారూ, మీరు తొలి నష్టాన్ని, అంటే పారకముందే నేల పట్టుకునే వానను, నేల నిల్వ సామర్థ్యంలో 0.2 వంతుగా వాడారు. ఆ తొలి నష్టం ఎక్కువని ఎప్పుడో తేలింది. 0.05 పెట్టండి.

చినుకు: నంబరు మార్చకుండా 0.05 పెడితే ఆ 10 కాస్తా 18 అవుతుంది. నిష్పత్తి మారిస్తే నిల్వ సామర్థ్యాన్నీ తిరిగి లెక్కగట్టాలి. సగం సలహా ఇచ్చి కొత్తవారిని ముంచకండి.

పాతలెక్క: ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నాకు పాఠం అక్కర్లేదు. కర్వ్ నంబరు మొత్తం వానకు పుట్టింది. పావుగంట ఉధృతికి గ్రీన్-ఆంప్ట్ ఇంకుడు సూత్రం ఉంది, అదీ 1911 నుంచి.

మట్టివాసన: దానికి ఇంకుడు రేటు ఎక్కడి నుంచి తెస్తారు? పుస్తకంలోని పట్టిక నుంచేగా! నా వేరు బొరియ ఏ పట్టికలో ఉంది?

మేఘరేఖ: రాడార్ ఉంటే వాడండి. కానీ రాడార్ ప్రతిధ్వనిని వానగా మార్చే సూత్రంలో (Z = aR^b) ఉరుముల వానకు a, b లుగా మార్షల్-పామర్ అంకెలు 200, 1.6 కాకుండా 300, 1.4 ప్రయత్నించండి. వడగళ్లు పడితే రాడార్ వానను ఎక్కువ చేసి చూపుతుంది, జాగ్రత్త.

వాగులెక్క: వరదకు రెండు రోజుల ముందు కూడా బాగా కురిసింది. నేను పొడి నేలగా మొదలుపెట్టాను.

మట్టివాసన: అది మొదటే చెప్పాలి కదండీ! తడి నేలగా పెట్టి మళ్లీ నడపండి, తర్వాతే వాన జోలికి వెళ్లండి.

చినుకు: రెండూ ఒకేసారి మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు.

వాగులెక్క: సరే. గ్రిడ్ సంగతి?