"కణుపుల్లేని గడ్డి" అనవచ్చా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న రాత్రంతా నా బుర్రలో తిరిగింది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ చిత్తడి గుట్టల మీద పెరిగే మోలీనియా సెరూలియా అనే గడ్డి గురించి ఆయన ఒక వ్యాసం తెనిగిస్తున్నారు. దాన్ని "కణుపుల్లేని గడ్డి" అనవచ్చా అని అడిగారు.

వద్దనే నా మాట. పోయిన సెప్టెంబరులో అక్కడికి వెళ్లినప్పుడు ఒక దుబ్బు పక్కన కూర్చుని, ఒక కాడను రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైనుంచి కిందికి జార్చాను. చెరకు గడ మీదో వెదురు మీదో అయితే వేలికి మెట్లు మెట్లుగా తగులుతుంది. ఇది దాదాపు మీటరు పొడవునా నున్నగా జారిపోయింది. దుబ్బు మొదట్లో ఆకులు విడదీసి చూస్తే, కాడ అడుగున చిన్న దుంపలా ఉబ్బి ఉంది. కణుపు అక్కడే, నేలకు దగ్గరగా దాగి ఉంది. ఆ ఉబ్బులో దాచుకున్న ఆహారంతోనే ఈ గడ్డి ఏటేటా వసంతంలో మళ్లీ పిలకలు వేస్తుంది. శరదృతువులో ఆకులు ఎండి, తొడుగు దగ్గర తెగి, చెట్టు ఆకుల్లా గాలికి రాలిపోతాయి. గడ్డి ఆకు రాల్చడం నేను అక్కడే మొదటిసారి చూశాను.

జర్మన్‌లో దీన్ని "ప్ఫైఫెన్‌గ్రాస్" అంటారు, అంటే పొగతాగే గొట్టపు గడ్డి. పొగాకు గొట్టాలు శుభ్రం చేయడానికి ఈ కాడలే వాడేవారు. మధ్యలో కణుపు అడ్డొస్తే ఆ పనికి పనికొచ్చేదా?

వ్యాఖ్య: ఏమండీ, మా వైపు "గణుపు" అంటాం. అది తప్పా?

తప్పేం కాదండీ, రెండూ ఉన్నాయి. మా అమ్మమ్మ కూడా చెరకు "గణుపు" అనే అనేది.

వ్యాఖ్య: అక్కా, సంస్కృతంలో కణుపును "పర్వం" అంటారు కదా?

అవును తమ్ముడూ, నేను అక్కడికే వస్తున్నాను. పర్వం అంటే కణుపు. కాండం అంటే పాత అర్థంలో రెండు కణుపుల మధ్య భాగం. భారతానికి పర్వాలు, రామాయణానికి కాండాలు గడ్డి నుంచీ చెరకు నుంచీ వచ్చిన మాటలే. గరికతో పూజ చేసేటప్పుడు చదివే "కాండాత్ కాండాత్ ప్రరోహంతీ పరుషః పరుషః పరి" అన్న మంత్రంలోనూ ఇవే ఉన్నాయి. పరుస్సు అన్నా కణుపే. కాండం కాండం నుంచీ, కణుపు కణుపు నుంచీ పుట్టుకొచ్చేదానా అని గరికను పిలవడం అది. మన పెరట్లో గరిక తీగ లాగితే కణుపు కణుపుకీ వేళ్లు పట్టుకుని ఉంటాయి. ఆ మంత్రం కట్టినవాళ్లు నేల మీదికి వంగి చూశారని నాకు గట్టి నమ్మకం.

డార్ట్‌మూర్ గడ్డి గరికకు పూర్తిగా ఎదురు. దాని పొడవంతా ఇంచుమించు ఒకే కాండం. పాఠ్యపుస్తకాల్లోని "కణుపు మధ్యమం" కన్నా నాకు ఆ పాత మాటే నచ్చుతుంది, కానీ ఇవాళ కాండం అంటే అందరికీ మొత్తం కాడే. అందుకే అనువాదంలో ఇలా రాయమంటాను: "కణుపును మొదలు దగ్గరే దాచుకుని, నున్నని ఒంటి కాడగా లేచే గడ్డి."

ఇంకో మాట. సెరూలియా అంటే లాటిన్‌లో నీలం. దాన్ని పట్టుకుని "నీలి గడ్డి" అనేయకండి. నేను చూసిన కంకులు లేత వంకాయ రంగులో ఉన్నాయి.