పడమటి ఎండ, ఉప్పు నీళ్ల బోరు: అనంతపురంలో ఏ పూలమొక్కలు నిలబడతాయి?

పడమటి_మిద్దె:
అనంతపురం టౌన్ పక్కన కొత్తగా కట్టిన ఇల్లు, పడమటి ముఖం. కాంపౌండు గోడ వెంట 20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఎర్రమట్టి జాగా ఉంది. అడుగున్నర తవ్వితే గరుసు తగులుతుంది. మధ్యాహ్నం 12 నుంచి పొద్దుగూకేదాకా నేరుగా ఎండే. బోరు నీళ్లు ఉప్పన, బకెట్టుకు తెల్లగా పొర కడతాయి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) మీటరు 1400 చూపిస్తుంది. మే నెలలో అవి కూడా వారానికి రెండు రోజులే. మందారం, నూరువరహాలు, గులాబీ పెడితే మార్చి దాటకముందే ఆకుల అంచులు మాడిపోతున్నాయి. గోడ వెంట ఏం పెట్టాలి, మిద్దె మీద కుండీల్లో ఏం పెట్టాలి, ఎప్పుడు నాటాలి, ఎన్ని నీళ్లు పోయాలి? పక్కింట్లో మేకలున్నాయి, అది కూడా చూసి చెప్పండి.

గరుసునేల:
నూరువరహాలు వదిలేయండి సార్. దానికి కాస్త పులుపు గుణమున్న నేల కావాలి. మీ బోరు నీళ్లు పోసేకొద్దీ నేల సున్నం వైపు పోతుంది, ఎరువెంత వేసినా ఆకు పసుపు తిరుగుతూనే ఉంటుంది. మందారం బతుకుతుంది గానీ ఏప్రిల్, మేలో రోజూ నీళ్లడుగుతుంది, పైగా పిండినల్లి. గులాబీ సంగతి మీకే తెలిసింది.

గోడ వెంట కాగితంపూలు రెండు, పసుపు గంటల్లా గుత్తులుగా పూసే టెకోమా ఒకటి, తంగేడు ఒకటి, ఒక చివర మూలన దేవగన్నేరు. 4 అడుగుల ఎడంతో ఈ అయిదు చాలు. ఇంతకంటే ఇరికిస్తే మూడో ఏడు ఒకదాని నీళ్లు ఇంకొకటి లాక్కుంటుంది.

గరుసు తగలగానే తవ్వడం ఆపకండి. గడ్డపారతో ఇంకో అర అడుగు కుళ్లగించండి. లేకపోతే వేళ్లు గరుసు మీద చాపలా పక్కకు పరుచుకుంటాయి, పైమట్టి ఎండిన రోజే మొక్క వాలిపోతుంది. తవ్విన ఎర్రమట్టి మూడు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, గుంతకు పావుకిలో వేపపిండి. ఎరువు చివికిందో లేదో పిడికిట్లో పట్టి చూడండి: పేడ వాసన రాకూడదు, గడ్డిపోగు కనబడకూడదు, చేతికి వేడి తగలకూడదు. పచ్చి ఎరువు వేస్తే మన ఎర్రనేలల్లో ముందు వచ్చేది చెదలు.

నాటే కాలం గురించి నా మాట కొంచెం వేరు. తొలకరి పడగానే జూన్‌లో నాటాలని అందరూ తొందరపడతారు. మన దగ్గర జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి విడవకుండా కొడుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి లేతమొక్క ఊగి ఊగి, మొదలు దగ్గర మట్టిలో సందు పడుతుంది, కొత్త వేరు తెగుతుంది. జిల్లాలో వాన గట్టిగా పడేది సెప్టెంబరులో. ఆగస్టు చివర, సెప్టెంబరులో నాటితే ఎండాకాలం లోపు వేరు దిగడానికి అయిదారు నెలలు దొరుకుతాయి.

గోదావరి జిల్లాల నుంచి వచ్చే నర్సరీ మొక్కల్లో చాలావాటికి వేరు చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. అది ఒకసారి ఎండితే రాయే. చుట్టూ ఎన్ని నీళ్లు పోసినా లోపలికి దిగవు. నాటేముందు కవరుతో సహా బకెట్టు నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగాక తీయండి. కాగితంపూల వేరుముద్ద చిట్లితే మొక్క తేరుకోవడం కష్టం, అందుకని కవరు లాగకుండా బ్లేడుతో కోసి, ముద్దను రెండు చేతులతో దించండి.

మొదటి వేసవి గడిస్తే గండం గడిచినట్టే. రోజూ ఒక చెంబు పోసే అలవాటే ఎక్కువ మొక్కల్ని చంపుతుంది. పైన రెండంగుళాలు తడుస్తుంది, వేరు ఆ తడి కోసం పైకే వస్తుంది, ఉప్పు కూడా అక్కడే పేరుకుంటుంది. వారానికి ఒకసారి మొక్కకు 20 లీటర్లు పోయండి: 10 పోసి, ఇంకాక మళ్లీ 10. పాదు రెండడుగుల వెడల్పు ఉండాలి, మొదలు దగ్గర కాస్త ఎత్తుగా ఉండాలి. మర్నాడు సన్న ఇనుప చువ్వ గుచ్చితే అడుగు లోతు సులువుగా దిగాలి. మధ్యలో ఆగిపోతే నీళ్లు చాలలేదని లెక్క. డ్రిప్ పెడితే గంటకు 4 లీటర్లవి రెండు, రెండున్నర గంటలు. మీ నీళ్లకు అవి మూసుకుపోతాయి, పైపు చివర మూత తీసి 15 రోజులకోసారి కడిగేయాలి. రెండో వేసవి నుంచి 12, 15 రోజులకోసారి పోసినా చాలు.

తంగేడుకు మాత్రం మొక్క కొనకండి, గట్ల మీది ఎండుకాయల గింజలు తెచ్చుకోండి. తల్లివేరు లోతుకు పోయే జాతి కనుక పీకి నాటితే సరిగా నిలవదు. మరిగించి దించిన నీళ్లు గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున ఉబ్బినవి మాత్రమే చోటికి మూడు వేసి, మొలిచాక బలమైనది ఒకటి ఉంచండి. మేకలు మామూలుగా దాని జోలికి పోవు. కాగితంపూలను మాత్రం ఇష్టంగా తింటాయి, ఏడాది పాటు చుట్టూ ముళ్లకంప తప్పదు.

రేగడి_కర్నూలు:
పైన చెప్పిందంతా ఎర్రనేలకు. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి వాళ్లు ఇదే చూసి రెండడుగుల గుంత తవ్వితే మొక్క వానాకాలంలోనే పోతుంది. రేగడిలో గుంత అంటే తొట్టే, నీళ్లు దిగవు, వేరు కుళ్లుతుంది. మాకు గుంత కాదు, దిబ్బ కావాలి: అడుగు ఎత్తు, మూడడుగుల వెడల్పు, మట్టిలో మూడోవంతు ముతక ఇసుక. ఎండాకాలం రేగడి పగుళ్లిచ్చినప్పుడు సన్నవేళ్లు తెగుతాయి. ఫిబ్రవరిలోనే పైమట్టి రెండంగుళాలు గొర్రుతో కదిపి, బుడ్డల (వేరుశనగ) పొట్టు మూడంగుళాల మందం పరవాలి. మొదలుకు నాలుగంగుళాలు వదిలేయాలి, లేదంటే చెదలు పొట్టులోంచి నేరుగా కాండానికి ఎక్కుతాయి.

ఒక్క మల్లెకు మాత్రం ఈ పొట్టు వేయకండి. బుడ్డల పైరుకు మొదలు కుళ్లు తెచ్చే బూజు మల్లెకూ వస్తుంది. ఆవగింజల్లాంటి దాని గింజలు పొట్టుతోనే దిగుతాయి. మల్లె కింద ఎండు వేపాకు పరిస్తే మేలు.

కడప_కుండీలు:
మిద్దె సంగతి నేను చెప్తా. మిద్దె మీద మొక్కను ఎండ కంటే కుండీ వేడే ముందు చంపుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ పడమటి పక్క మే మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఆ పక్కన వేళ్లు ఉడికిపోతాయి. సిమెంటు కుండీ, లేదా 14 అంగుళాల మట్టికుండీ తీసుకుని బయట తెల్ల సున్నం కొట్టండి. అడుగున మూడు ఇటుక ముక్కలు పెట్టి స్లాబుకు తగలకుండా ఎత్తండి.

కుండీలకు అడీనియం (ఎడారి గులాబీ), గడ్డిగులాబీ, బిళ్లగన్నేరు, కలబంద. గడ్డిగులాబీకి వేరుతో పనిలేదు, నాలుగంగుళాల కొమ్మ తుంచి గుచ్చితే చాలు. నీడలో పెడితే పువ్వు విచ్చుకోదు, వానలు ముదిరితే కుళ్లుతుంది. అందుకే సెప్టెంబరులో నాలుగు కొమ్మలు చూరు కింద దాచుకోవాలి.

అడీనియంకు నీళ్లు వద్దు అన్నది సగమే నిజం. ఎండాకాలం అది పెరిగే కాలం, రోజు విడిచి రోజు నిండా పోయండి. పోయకూడనిది వానల్లో, డిసెంబరు జనవరి చలిలో. మట్టి మిశ్రమం: పప్పుగింజంత కంకర రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒకటి, చివికిన ఎరువు ఒకటి. చెంబుడు నీళ్లు పోస్తే నిమిషంలోపు అడుగు చిల్లులోంచి కారాలి. నెలకోసారి మొదలు దగ్గరి గడ్డను బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే సరే. మెత్తగా ఉండి కుండీ మట్టి పొడిగా ఉంటే దాహం, నీళ్లు పోస్తే రెండు రోజుల్లో గట్టిపడుతుంది. మెత్తగా ఉండి మట్టి తడిగా ఉంటే కుళ్లు. వెంటనే పీకి, గోధుమరంగు భాగమంతా తెల్ల కండ కనబడేదాకా కోసేయాలి. కత్తిని ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడవాలి. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు మందు) పొడి అద్ది, నీడలో అయిదారు రోజులు ఆరబెట్టి పొడి మట్టిలో నాటాలి. ఆ తర్వాత వారం దాకా నీళ్లు లేవు.

పైన చెప్పిన కాగితంపూల గురించి ఒక్క మాట. గరుసునేల అన్న వాటి పూత గురించి చెప్పలేదు. వారం వారం నీళ్లు పోస్తూ పోతే ఆకు, ముల్లు దట్టంగా వస్తాయి, పువ్వు రాదు. వేరు నిలదొక్కుకున్నాక, రెండో ఏడు నుంచి, ఆకు కాస్త వాలేదాకా ఆగి అప్పుడు పోయండి. పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది కనుక ఒక పూత రాలగానే కొమ్మ చివర మూడోవంతు కత్తిరించాలి. యూరియా దగ్గరికి రానివ్వకండి.

పడమటి_మిద్దె:
చాలా ఉపయోగం అన్నా అందరికీ. రెండు సందేహాలు. గేటు బయట ఎర్ర గన్నేరు పెడదామని ఇంట్లో అంటున్నారు, అది ఎండకు బాగా ఆగుతుంది కదా? ఆర్ఓ మిషను నుంచి బయటకు పోయే నీళ్లు కుండీలకు పోయొచ్చా?

గరుసునేల:
ఎండకు గన్నేరును మించింది లేదు, అందుకే హైవే మధ్యలో పెంచుతారు. కానీ దాని ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే, ఎండినా విషం పోదు. మీరు కత్తిరించి గేటు బయట పడేసిన కొమ్మ మేక నమిలితే దాని ప్రాణానికే ముప్పు. పచ్చగన్నేరు ఇంకా వద్దు, దాని కాయలతో పిల్లలు ఆడుకుంటారు. గేటు బయట టెకోమానే పెట్టండి.

కడప_కుండీలు:
ఆర్ఓ నుంచి వదిలే నీళ్లు వద్దు. మీ 1400 టీడీఎస్‌లో ఉప్పంతా వాటిలోకే చేరుతుంది, బోరు నీళ్ల కంటే అవే చెడ్డవి. గచ్చు కడగడానికి వాడండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవి బకెట్టుకు పట్టి కుండీలకు పోయండి. నెలకోసారి ఆ నీళ్లతోగానీ వాననీళ్లతోగానీ కుండీ మట్టికి రెండింతలు పోసి కిందికి కారనివ్వండి, అంచున కట్టిన తెల్లపొర గీకేయండి.

ఉన్న మందారం పీకేయడం ఇష్టం లేకపోతే ఆకు చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే ఇనుము అందడం లేదు. లీటరు నీళ్లకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయాలి. సాయంత్రం ఆకు రెండు పక్కలా పిచికారీ, వారం ఎడంతో మూడుసార్లు. కలిపిన నీళ్లు తుప్పురంగు తిరిగితే పారబోసి మళ్లీ కలుపుకోండి.