ఈగిల్స్ రాక్ మీద కూలిన సండర్‌లాండ్: తప్పంతా కెప్టెన్ గోయెన్‌దేనా?

పాతపటం:

1942 ఆగస్టు 25 మధ్యాహ్నం స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌గార్డన్ నుంచి బ్రిటిష్ వాయుసేన 228వ స్క్వాడ్రన్‌కు చెందిన సండర్‌లాండ్ ఫ్లయింగ్ బోటు (నీటి మీద దిగే విమానం) ఒకటి ఐస్‌లాండ్‌కు బయలుదేరింది. నంబరు డబ్ల్యూ 4026. లోపల 15 మంది. వారిలో ఒకరు రాజు ఆరో జార్జి తమ్ముడు, కెంట్ డ్యూక్ ప్రిన్స్ జార్జి. ఆయన మూడో బిడ్డకు అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. సుమారు అరగంట తర్వాత, కైత్‌నెస్ ప్రాంతంలో డన్‌బీత్ ఊరికి దగ్గరలో ఉన్న ఈగిల్స్ రాక్ అనే కొండను ఆ విమానం పొగమంచులో ఢీకొంది. ఆ కొండ వెయ్యి అడుగుల ఎత్తు కూడా ఉండదు. 14 మంది చనిపోయారు. తోక భాగంలోని తుపాకీ గూటిలో కూర్చున్న ఆండ్రూ జాక్ ఒక్కడే బతికాడు. ఒళ్లు కాలిన ఆ 21 ఏళ్ల కుర్రవాడు మర్నాడు పడుతూ లేస్తూ ఒక రైతు ఇంటికి చేరాడు.

అక్టోబరులో వాయుసేన మంత్రి సింక్లెయిర్ పార్లమెంటుకు విచారణ ఫలితం చెప్పారు. విమానం నిర్ణయించిన దారిలో వెళ్లలేదు, అడ్డువచ్చే ఎత్తైన నేలను దాటగలిగినంత ఎత్తులోనూ లేదు, ఈ పొరపాటుకు బాధ్యత కెప్టెన్‌ది అన్నారు. కెప్టెన్ అంటే ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఫ్రాంక్ గోయెన్, ఆస్ట్రేలియా వాడు. సముద్రం మీద ఎన్నో గస్తీలు తిరిగిన అనుభవజ్ఞుడు. ఆ విచారణ పత్రాలు ఆ తర్వాత కనిపించకుండా పోయాయి. మిగిలింది ఆ తీర్పు మాత్రమే.

నా వాదన ఇది: విమానం ఏమైందో ఆ తీర్పు చెప్పింది గానీ ఎందుకలా అయిందో చెప్పలేదు. కారణం చెప్పకుండా చనిపోయిన మనిషి మీద తప్పు మోపడం న్యాయం కాదు. మీరేమంటారు?

తీరరేఖ:

నేను విశాఖ నుంచి సరుకు ఓడల మీద డెక్ ఆఫీసరుగా ఇరవై రెండేళ్లు తిరిగాను. విమానాలు నా వృత్తి కాదు గానీ గాలికి, ప్రవాహానికి దారి తప్పడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. ఆ తీర్పు సరైనదే.

ఫ్లయింగ్ బోటుకు చక్రాలు ఉండవు. పొట్టే పడవ. నేల మీద దిగలేదు కాబట్టి వీలైనంత వరకు నీటి మీదే దారి గీస్తారు. ఆ రోజు దారి కూడా అలాంటిదే: తీరం వెంట ఈశాన్యంగా వెళ్లి, స్కాట్లాండ్ ఉత్తరపు కొస దగ్గర పెంట్‌లాండ్ జలసంధి మీదుగా పడమటికి తిరగాలి. అంటే కైత్‌నెస్ నేల మొత్తం ఎడమ చేతి వైపు ఉంటుంది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తే విమానం ఎడమకు, అంటే నేల మీదికి జరుగుతూ ఉంటుంది. లెక్క చూడండి. గంటకు 120 మైళ్ల వేగంతో వెళ్లే విమానానికి 12 మైళ్ల పక్కగాలి తగిలితే దారి దాదాపు ఆరు డిగ్రీలు తప్పుతుంది. నలభై మైళ్లు వెళ్లేసరికి అది నాలుగు మైళ్లు. ఈగిల్స్ రాక్ తీరం నుంచి కొద్ది మైళ్ల లోపలే ఉంది. అంతకుమించి ఏ మిస్టరీ అక్కర్లేదు.

దారి తప్పడం ఎవరికైనా జరుగుతుంది. కానీ దిగువన ఏముందో కనిపించనప్పుడు కిందికి దిగకూడదు. ఇది ఓడలో మాకు మొదటి రోజున నేర్పే పాఠం లాంటిది: ఉన్న చోటు మీద అనుమానం వస్తే తీరానికి దూరంగా జరుగు. ఆయన జరగలేదు. ఆ నిర్ణయం కెప్టెన్‌ది, బాధ్యతా కెప్టెన్‌దే.

రాత్రిబండి:

ఇద్దరూ అసలు ప్రశ్నను వదిలేశారు. ఆ విమానంలో గోయెన్ కంటే పై అధికారి, స్క్వాడ్రన్ కమాండర్ మోస్లీ ఉన్నాడు. వాయుసేనలో ఎయిర్ కమొడోర్ హోదా ఉన్న డ్యూక్ ఉన్నాడు. నడిపే సీట్లో నిజంగా ఎవరు ఉన్నారు? ఆండ్రూ జాక్ 1978లో చనిపోయే దాకా బహిరంగంగా నోరు విప్పలేదు. డ్యూక్ స్వయంగా నడుపుతున్నాడని, విమానంలో పదహారో మనిషి కూడా ఉన్నాడని జాక్ చెప్పినట్టు ఆ తర్వాత ఆయన బంధువులు బయటపెట్టారు. విచారణ పత్రాలు మాయమవడం యాదృచ్ఛికమా? రాజకుటుంబం పరువు కోసం ఒక వలస దేశపు పైలట్‌ను బలి ఇచ్చారని నేను నమ్ముతున్నాను.

పాతపటం:

రాత్రిబండి గారూ, గోయెన్ పక్షాన మీరూ నేనూ ఒకే వైపు ఉన్నాం. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: పదహారో మనిషి కథ గోయెన్‌కు మేలు చేయదు, కీడే చేస్తుంది. మొదట అందరూ చనిపోయారని ప్రకటించారు. మర్నాడు జాక్ ప్రాణాలతో బయటపడ్డాడు. పొగమంచు కొండ మీద, కాలిపోయిన శకలాల మధ్య మొదటి లెక్క తప్పిందని దాన్నిబట్టే తెలుస్తోంది. అలాంటి చోట అదనపు మనిషిని పుట్టించడం తేలిక. బంధువులు ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పిన మాటను నేను అబద్ధం అనను. దాని మీద తీర్పు నిలబెట్టలేమని మాత్రమే అంటాను. గోయెన్ మీద వేసిన తీర్పుకు ఆధారం చాలదని వాదిస్తూ, డ్యూక్ మీద అంతకంటే తక్కువ ఆధారంతో తీర్పు ఎలా వేస్తాం?

మోస్లీ గురించి మీరు అన్నది మాత్రం వదిలేయదగినది కాదు. పక్కన పై అధికారి, వెనుక రాజుగారి తమ్ముడు ఉన్నప్పుడు, పాతికేళ్ల కెప్టెన్ "వెనక్కి వెళ్దాం" అనగలడా? ఈ ప్రశ్న విచారణలో అడిగారో లేదో తెలుసుకునే దారి కూడా లేకుండా పోయింది.

నీలిసిరా:

చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని. ఇదే స్కాట్లాండ్‌లో, యాభై ఏళ్ల తర్వాత జరిగింది గుర్తు చేస్తాను. 1994 జూన్ 2న వాయుసేన చినూక్ హెలికాప్టర్ ఒకటి మల్ ఆఫ్ కింటైర్ దగ్గర పొగమంచులో కొండను ఢీకొని 29 మంది చనిపోయారు. ఇద్దరు పైలట్లదీ ఘోర నిర్లక్ష్యమని పై అధికారులు తేల్చారు. చనిపోయిన పైలట్‌ను తప్పుపట్టాలంటే రవ్వంత అనుమానం కూడా ఉండకూడదన్న నియమం అప్పటికే ఉంది. ఆ నియమాన్ని మీరారన్న కారణంతో, కుటుంబాలు పదిహేనేళ్లకు పైగా పోరాడిన తర్వాత, 2011లో ఆ తీర్పును రద్దు చేశారు.

గోయెన్ కోసం అలా పోరాడేందుకు పత్రాలే లేవు. 1942 నాటి తీర్పును ఈ కొలబద్దతో కొలిస్తే అది నిలవదు.

తీరరేఖ:

నీలిసిరా గారి పోలిక నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. అయినా పూర్తిగా ఒప్పుకోను. చినూక్‌లో యంత్రలోపం మీద నిజమైన అనుమానాలు ఉన్నాయి. ఇక్కడ నాలుగు ఇంజన్లూ చెడిపోయాయని ఎవరూ అనడం లేదు. ఆ దగ్గరలో గొర్రెలను తోలుకుంటున్న తండ్రీకొడుకులు పొగమంచులో ఇంజన్ల మోత విన్నారు. అరగంట సమయం ఉంది. నిండా ఇంధనం ఉన్న సండర్‌లాండ్ నెమ్మదిగానే పైకి లేస్తుంది. అయినా అరగంటలో రెండు మూడు వేల అడుగులు ఎక్కడం దానికి కష్టం కాదు. కాబట్టి అది ఎక్కలేక కిందనే ఉండిపోలేదు, కావాలనే కింద ఉంది.

ఎందుకు ఉంది? ఇక్కడే నా మనసు కాస్త మారింది. సముద్రం మీద గస్తీ తిరిగేవారికి కిందికి దిగడమే భద్రత. మబ్బు కిందికి వచ్చి అలలు చూస్తే గాలి ఎటు తోస్తోందో లెక్క కట్టవచ్చు. నెలల తరబడి అట్లాంటిక్ మీద అలా చేసి చేసి అది ఒంటికి పట్టిన అలవాటైపోతుంది. మబ్బులోంచి కిందికి దిగితే నీళ్లే కనిపిస్తాయన్న నమ్మకం అది. గోయెన్ కూడా తన కింద సముద్రమే ఉందని నమ్మి ఉంటాడు. ఏ అలవాటు ఆ మనుషులను అట్లాంటిక్ మీద కాపాడిందో అదే ఆ కొండ మీద చంపింది.

ఇది ఆయన ఒక్కడి కథ కూడా కాదు. అదే 228వ స్క్వాడ్రన్‌కు చెందిన మరో సండర్‌లాండ్ 1944 జనవరి 31 రాత్రి ఐర్లండ్‌లోని బ్లూ స్టాక్ కొండలను ఢీకొంది. 12 మందిలో ఏడుగురు చనిపోయారు. ఆ ఏడాదే మే 12న కటలీనా రకం ఫ్లయింగ్ బోటు ఒకటి స్కాట్లాండ్‌లోని వాటర్‌సే ద్వీపం గట్టును గుద్దుకుని ముగ్గురు చనిపోయారు. దాని శకలాలు ఇప్పటికీ అక్కడి వాగు పక్కన పడి ఉన్నాయి. మన మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువు మీద యుద్ధకాలంలో ఇవే కటలీనాలు నిలిచేవి. చిన్నప్పుడు ఆ దారిన వెళ్లినప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

కాబట్టి బాధ్యత కెప్టెన్‌దే అన్న మాట వెనక్కి తీసుకోను. ఓడైనా విమానమైనా ఆ నియమం లేకపోతే నడవదు. కానీ బాధ్యత వేరు, నేరం వేరు. మంత్రి మాటల్లో ఆ తేడా లేదు.

రాత్రిబండి:

పదహారో మనిషి సంగతి పక్కన పెడతాను. పత్రాలు పోయిన సంగతి మాత్రం పక్కన పెట్టను.

పాతపటం:

పెట్టనక్కర్లేదు. తీరరేఖ గారూ, అలవాటు గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలు ఆనాడు పార్లమెంటులో ఎవరైనా చదివి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేవాణ్నే కాదు. ఒక్క అభ్యంతరం. ఆయన ఒక్కడే దారి చూడలేదు. మార్గదర్శి వేరే ఉన్నాడు, రెండో పైలట్ ఉన్నాడు, మోస్లీ ఉన్నాడు. అందరికీ కింద సముద్రమే ఉందనిపించి ఉంటే, ఆ పొరపాటు విమానంలో ఉన్న అందరిదీ. తీర్పులో పేరు మాత్రం ఒక్కడిదే ఉంది.