సమస్యాపూరణం: పక్షిగ మారిన పిడచయె పైరుల నొసఁగెన్

నిర్వాహకులు: క్యోటో నగరపు ఆగ్నేయ దిక్కున 233 మీటర్ల ఇనారి కొండ ఉంది. దాని పాదాన ఉన్న ఫుషిమి ఇనారి ఆలయ స్థలపురాణం చదువుతుంటే ఈ పాదం తనంత తానుగా నోటికి వచ్చింది. కొరియా వైపు నుంచి వచ్చి స్థిరపడిన హాతా వంశంలో ఇరోగు అనే సంపన్నుడు, వరి గాదెలు నిండి పొర్లుతున్నాయన్న పొగరుతో, ఉడికించిన బియ్యాన్ని దంచి చేసిన ముద్దను గురిగా నిలిపి బాణం వేశాడు. ఆ ముద్ద తెల్లని పక్షియై కొండ శిఖరానికి ఎగిరిపోగా, వాలిన చోట వరి మొలిచింది. వరిదేవత ఇనారి అక్కడ వెలసినది 711లో, రెండవ నెల తొలి అశ్వదినాన (పన్నెండు జంతువుల పేర్లతో తిరిగే దినచక్రంలో గుర్రపు రోజున) అని ఆలయ సంప్రదాయం. ఈ కథ దాటకుండా పూరించండి. ఇనారి దూతలుగా పేరున్న నక్కలను తీసుకురావద్దు, అవి ఈ కథలో లేవు.

కందార్థి:

లక్ష్యముగ నన్నపిడచను
దక్షుఁ డిరోగుఁడు శరహతిఁ దర్పము తోడన్
శిక్షింపఁగఁ గొండ కెగసి
పక్షిగ మారిన పిడచయె పైరుల నొసఁగెన్

ప్రాసప్రియ: కందార్థి గారూ, మూడవ పాదం నుంచి సమస్యలోకి జారిన తీరు చాలా బాగుంది. అయితే మిగిలిన పాదాలన్నిటా ప్రాసస్థానమైన రెండవ అక్షరంగా క్షకారమే ఉండగా, మీ ‘లక్ష్యము’లో యకారం అదనంగా వచ్చి చేరింది. ‘మూఁడు కాళ్ల కాకి ముందు నడచె’ అన్న సమస్యకూ మీరు ఇలాగే తొందరపడ్డారు. కుమనో కొండల నుంచి జపాన్ తొలి చక్రవర్తిగా చెప్పే జిమ్ముకు దారి చూపిన కాకిని సూర్యదేవత అమతెరసు పంపిందని కొజికి అనే పురాణచరిత్ర పేరు మీద చెప్పారు. 712 నాటి కొజికిలో దానిని పంపినది తకాగి దేవుడు. అమతెరసు పంపినట్టు చెప్పినది 720 నాటి మరో చరిత్రగ్రంథం నిహొన్ షొకి.

కందార్థి: ఆ కాకికి మూడు కాళ్లున్నాయని ఆ రెండు గ్రంథాలలో దేనిలోనూ లేదు, ప్రాసప్రియ గారూ. ఆ సమస్య ఇచ్చినది మీరే.

నిర్వాహకులు: ఇనారి కొండకు తిరిగి వద్దాం. మొదటి పాదాన్ని ‘కుక్షిని నింపెడు పిడచను’ అని మారిస్తే ప్రాస కుదురుతుంది. అంతకంటే ముఖ్యంగా, గురి అన్న మాట పోయి కడుపు నింపే అన్నం అన్న మాట రావడంతో, ఇరోగు చేసిన అపచారమేమిటో ఆ పాదమే చెబుతుంది. బాణం ఎలాగూ రెండవ పాదంలో ఉంది.

ప్రాసప్రియ: అందరూ బాణం దగ్గరే ఆగుతారు కనుక నేను ఆలయపు చెట్లను తెచ్చి నాటుకున్న ఇరోగు తరువాతి తరాన్ని పట్టుకున్నాను.

వృక్షముఁ గుడికడఁ బెఱికియు
శిక్షకు వెఱచిన మనుమలు శ్రీకై నాటన్
సాక్షిగ నా గిరిని నిలిచి
పక్షిగ మారిన పిడచయె పైరుల నొసఁగెన్

పాతకాపు: ‘మనుమలు శ్రీకై’ అన్నచోట తరువాతి ‘శ్రీ’ సంయుక్తాక్షరం కనుక ‘లు’ గురువైపోయి గణం చెడలేదా?

ప్రాసప్రియ: చెడలేదు. అవి వేరువేరు పదాలు. సమాసమైతే మీ మాట నిలిచేది.

కందార్థి: గణం నిర్దోషమే. నా అభ్యంతరం ‘శిక్షకు వెఱచిన’ అన్న మాట మీద. ఆ ప్రాంతపు ప్రాచీన స్థలవృత్తాంతమైన యమషిరో ఫుదోకి నుంచి మనకు మిగిలిన తునకలో శిక్ష ఎక్కడా లేదు. పూర్వికుని తప్పుకు పశ్చాత్తాపపడి, ఆలయపు చెట్లను పెకలించి ఇళ్ల దగ్గర నాటుకున్నారని మాత్రమే ఉంది. దేవత ఎవరినీ దండించలేదు, పిడచ ఎగిరిపోయింది, అంతే. భయం పెట్టిన చోట పశ్చాత్తాపానికి చోటుండదు. పైగా నాటిన చెట్టు వేరూనితే కలిమి, ఎండితే లేదు అని కథ స్పష్టంగా చెబుతున్నప్పుడు, ‘శ్రీకై’ అనడం ఫలితాన్ని ముందే రాసుకున్నట్టు ఉంది. ‘దీక్షనుఁ బూనిన మనుమలు దీనత నాటన్’ అంటే రెండు దోషాలూ పోతాయి, పాతకాపు గారి సందేహం కూడా పోతుంది.

ప్రాసప్రియ: ‘దీనత’ను స్వీకరిస్తున్నాను. కలిమి ఆశ మాత్రం కథలోనిదే. నేటికీ తొలి అశ్వదినపు ఉత్సవంలో భక్తులు సుగి చెట్టు కొమ్మను శుభసూచకంగా తీసుకువెళ్లేది ఆ ఆశతోనే కదా!

నిర్వాహకులు: ఆశ ఉండవచ్చు, అయితే పద్యంలో అది చెట్టు వేరూనిన తరువాత రావాలి. సవరించిన రూపంలో రెండు పూరణలనూ స్వీకరించాను. ‘సాక్షిగ నా గిరిని నిలిచి’ అన్న పాదం నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే బాణం దెబ్బ తిన్న అన్నమే, కొట్టినవాని మనుమలు చెట్టు నాటడాన్ని కొండమీది నుంచి చూస్తున్నదన్న ఊహ మూలకథలో లేకపోయినా దానికి చక్కగా అమరింది.