ప్రకాశింపనియ్యుడి: మత్తయి 5:16లో ఒక క్రియ గురించి

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక సోదరి):

అందరికీ వందనాలు. మా తెలుగు సంఘంలో సండే స్కూలు పిల్లలకు ఈ నెల కంఠత వాక్యం మత్తయి 5:16. "మనుష్యులు మీ సత్క్రియలను చూచి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచునట్లు వారియెదుట మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి." మా పిల్లలు బడిలో తమిళం చదువుతారు, తెలుగు ఇంట్లో విన్నదే. వాళ్లలో ఒక పాప అడిగింది: "టీచర్, తర్వాతి అధ్యాయంలో మనుషులకు కనబడాలని చేయొద్దు అని ఉంది కదా, మరి ఇక్కడ వాళ్లు చూడాలని ఎందుకుంది?" తోచింది చెప్పాను గానీ తృప్తిగా లేదు. వ్యాకరణం తెలిసినవాళ్లు ఈ రెండు వచనాలనూ కాస్త విడమర్చి చెబుతారా?

జవాబు (వేపేరి నుంచి):

సిస్టర్ గారూ, వందనాలు. ఆ పాప సరైన చోటే పట్టుకుంది. రెండు వచనాల్లోనూ "వారియెదుట" అనే ఉంది. గ్రీకులో కూడా రెండు చోట్లా "మనుష్యుల యెదుట" అన్న ఒకే మాట. అంటే చోటు మారలేదు. మారింది క్రియల అమరిక.

6:1 చూడండి. "మనుష్యులకు కనబడవలెనని వారియెదుట మీ నీతికార్యము చేయకుండ జాగ్రత్తపడుడి." కనబడవలెనని అంటే, కనబడాలి అనుకొని. చేసేవాడి మనసులో ఉన్న కోరిక అది. పని మొదలైందే ఆ కోరికతో కాబట్టి, ఎవరైనా చూశారంటే ఆ పని తీరిపోయినట్టే. 5:16లో ఉన్నది "చూచి". ఇది అసమాపక క్రియ. తెలుగులో వచ్చి, తిని, చూచి అని ఆపేస్తే వాక్యం పూర్తి కాదు, వినేవాళ్లు తర్వాతి క్రియ కోసం ఎదురుచూస్తారు. ఆ తర్వాతి క్రియ "మహిమపరచు". ఎవరిని? మీ తండ్రిని. జనం చూపు మన పని మీద పడుతుంది, కానీ అక్కడ ఆగిపోకూడదు. పాపకు ఈ "చూచి" దగ్గర ఆగి, "చూసి ఏం చేయాలి?" అని అడగండి, తనే చెప్పేస్తుంది.

ఇక అసలు క్రియ. ప్రకాశింపన్ + ఇయ్యుడి. రానీ, పోనీ, మాట్లాడనీ అని మనం రోజూ అనే "నీ" ఇదే. అడ్డుపడకు, జరగనివ్వు అని అర్థం. వెలుగు పుట్టించమని చెప్పాలంటే "ప్రకాశింపజేయుడి" అనేవాళ్లు. అలా అనలేదు. రెండు వచనాల ముందే "మీరు లోకమునకు వెలుగైయున్నారు" అని వచ్చేసింది. వెలుగు కండి అని కాదు, అయి ఉన్నారు అని. ఇక మనకు మిగిలింది అడ్డు తీయడమే. ఆ అడ్డుకు 15వ వచనం ఒక పేరు కూడా పెట్టింది: కుంచము. దీపం వెలిగించి ఎవరూ దాని కింద పెట్టరు అంటుంది ఆ వచనం. కుంచమంటే ధాన్యం కొలిచే పాత్ర. తమిళ బైబిల్లో ఇదే చోట "మరక్కాల్" ఉంది, పిల్లలకు ఆ మాట చెబితే వెంటనే తెలుస్తుంది.

నాకు ఈ మాట మీద గట్టి అభిప్రాయం ఉంది. సంఘాల్లో "మన వెలుగు చూపించాలి" అని తరచూ అంటాం. చూపించడం అన్న క్రియ మనల్ని నెమ్మదిగా 6:1 వైపు లాగేస్తుంది. ఏం చూపించాలా అని వెతకడం మొదలవుతుంది. "అడ్డు తీయాలి" అనుకుంటే వెతికే చోటే మారిపోతుంది. ఇల్లు ఖాళీ చేసిన కుటుంబానికి అడ్వాన్సు నెలల తరబడి తిరిగివ్వని ఓనరు బాల్కనీలో ఎంత పెద్ద క్రిస్మస్ నక్షత్రం కట్టినా ఆ కుటుంబానికి కనిపించేది ఆ అడ్వాన్సే. పనిచేసే అమ్మకు ఒకటో తారీఖున ఇవ్వాల్సిన జీతాన్ని పదో తారీఖు దాకా లాగడం, పక్కవాడు చేసిన పనిని మేనేజరు ముందు మనదిగా చెప్పుకోవడం, ఇవన్నీ కుంచాలే. వీటిని తీసేస్తే చాలు, మనల్ని చూసేవాళ్లకు దేవుడి మాట వినబుద్ధి అవుతుంది. తీయకపోతే మనం ఏ కరపత్రం ఇచ్చినా చదవబుద్ధి కాదు.

ఇంకొక సభ్యుడు (సైదాపేట):

అన్నా, ఒక సందేహం. ఈ "నియ్యుడి" ఇంగ్లీషు "లెట్" చూసి పెట్టింది కాదా? తమిళంలో "పిరకాసిక్కక్కడవదు" అని ఉంటుంది. అందులో అనుమతి ఇవ్వడం ఏమీ లేదు.

జవాబు (వేపేరి):

తమ్ముడూ, మంచి మాట ఎత్తావు. గ్రీకులో ఉన్నది ప్రథమ పురుషలో ఆజ్ఞ, అంటే వెలుగే ప్రకాశించాలి అని. తమిళ "కడవదు" దాన్ని సూటిగా అందుకుంది. తెలుగుకు కూడా ఒక దారి ఉంది: "గాక". ప్రభువు నేర్పిన ప్రార్థనలో గ్రీకు క్రియలు ఈ రూపంలోనే ఉన్నాయి. అక్కడ మనవాళ్లు "నీ నామము పరిశుద్ధపరచబడుగాక, నీ రాజ్యము వచ్చుగాక" అన్నారు. ఆ లెక్కన ఇక్కడ "మీ వెలుగు ప్రకాశించుగాక" అనొచ్చు. కానీ గాక అంటే తెలుగు చెవికి దీవెనలాగానో ప్రార్థనలాగానో వినిపిస్తుంది. ఆమేన్ అనేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. "ఇయ్యుడి" అన్నప్పుడు పని మన మీద పడింది. నా మటుకు తెలుగు ఎంపికే ఎక్కువ నచ్చింది. పైగా రానీ, పోనీ అనే జాతికి ఇది అరువు పోకడ ఎలా అవుతుంది?

తెలుగు బైబిల్ పని వెనుక తెలుగువాళ్ల చెవి మొదటి నుంచీ ఉంది. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, డే గ్రాంజ్ దొరలకు ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ విశ్వాసి తోడయ్యాడు. వాళ్లు తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ప్రిచెట్ దొర అనువదించిన కొత్త నిబంధన 1818లో అచ్చయింది మన మద్రాసులోనే. ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఆ తర్వాత ఎన్నో సవరణలు పొందిన పాఠం.

మరొక సభ్యురాలు:

వైద్యం కోసం నెల్లూరు, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లే మన వాళ్లు ఎందరో. ఆ ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్ మొదట మిషనరీ కావాలనుకోలేదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు పురిటి నొప్పుల స్త్రీల కోసం వాళ్ల మగవాళ్లు వచ్చారు. డాక్టరైన ఆవిడ తండ్రి మగవాడని వద్దన్నారు, ముగ్గురూ చనిపోయారు. ఆవిడ అమెరికాలో వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఆ సంస్థ ధ్యేయవాక్యం మార్కు 10:45 నుంచి: "పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకును". చేయించుకొను, చేయు. అక్కడా తేడా క్రియలోనే ఉంది చూడండి. మా అమ్మమ్మ ఆ ఆసుపత్రి పేరు ఎత్తితే "దేవుడి దయ" అనేది, డాక్టరు పేరు చెప్పేది కాదు. 5:16లోని "చూచి... మహిమపరచునట్లు" నాకు అర్థమైంది అమ్మమ్మ మాటల వల్లే.

ప్రశ్న (పెరంబూరు సోదరి):

అందరికీ కృతజ్ఞతలు. మరైతే మంచిగా బతికితే చాలు, నోరు తెరిచి చెప్పక్కర్లేదా? పెద్ద పిల్లలు తప్పకుండా అడుగుతారు.

జవాబు (వేపేరి):

చెప్పాలి సిస్టర్ గారూ. 1 పేతురు 3:15లో "మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది. ఇక్కడ "అడుగు" అంటే అడిగే అని. ఎదుటివాడు అడుగుతాడు, అడిగేలా మన బతుకు ఉంటుంది అన్న నమ్మకం ఆ మాటలో ఉంది. అడిగాక మౌనంగా ఉండిపోవడం కూడా ఒక కుంచమే. ఎలా చెప్పాలో కూడా అక్కడే ఉంది: "సాత్వికముతోను భయముతోను". ఆ భయం మనుషులంటే కాదు. దాని ముందు వచనమే "వారి బెదరింపునకు భయపడకుడి" అంటోంది. దేవుని ఎదుట మాట్లాడుతున్నామన్న భయం అది. పెద్ద పిల్లలకు 14, 15 రెండూ కలిపి చదివించండి, విడిగా చదివితే ఈ సంగతి తప్పిపోతుంది.