రెడ్ హెర్రింగ్: వేటకుక్కల కథ నిజమేనా?

ప్రశ్న: డిటెక్టివ్ నవలల గురించి మాట్లాడేటప్పుడు 'రెడ్ హెర్రింగ్' అనే మాట తరచు వినిపిస్తుంది. అసలు దోషిని వదిలేసి ఇంకెవరినో అనుమానించేలా రచయిత వేసే ఎర అని అర్థం తెలుసు. ఇంగ్లండులో వేటకుక్కలను దారి తప్పించడానికి హెర్రింగ్ అనే చేపను అడ్డంగా ఈడ్చేవారట, అందులోంచి పుట్టిన మాట అని చదివాను. నిజమేనా అండీ?

జవాబు: చేప నిజమే, కుక్కలూ నిజమే. దారి తప్పించే ఆచారం మీదే నాకు నమ్మకం లేదు.

హెర్రింగులో ఎర్ర జాతి అంటూ ఏదీ లేదండీ. ఉత్తర సముద్రంలో గుంపులుగా దొరికే ఆ వెండిరంగు చేపకు ఉప్పు బాగా పట్టించి, రోజుల తరబడి పొగబెడితే ఎర్రబారుతుంది. ఉప్పుచేప వాసన మన కోస్తావాళ్లకు చెప్పనక్కర్లేదు. దానికి పొగ కూడా తోడైందనుకోండి! ఈ సరుకుకు పేరుపడ్డ రేవు గ్రేట్ యార్మత్. థామస్ నాష్ అనే రచయిత 1599లో ఆ ఊరినీ ఈ చేపనూ పొగుడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కుక్కలను వాసన వెంట నడిపించడానికి ఈ చేప తోలుకు సాటి లేదంటాడు అందులో. నడిపించడానికి అన్నాడు, గమనించండి.

1680ల నాటి ఒక వేట గ్రంథంలోనూ ఇలాంటి మాటే ఉంది. చచ్చిన పిల్లినో నక్కనో, అవి లేకపోతే ఈ చేపనో నేల మీద ఈడ్పించి, కుక్కలను ఆ వాసన మీద వదిలి, వాటి వెనక గుర్రాన్ని పరుగెత్తించమంటుంది. అంటే వేట పరుగుకు అలవాటు పడాల్సింది గుర్రం. తర్వాతివాళ్లు దీన్ని కుక్కల శిక్షణగా చదువుకున్నారు. ఆ పొరపాటు పెద్ద పెద్ద నిఘంటువుల్లోకీ ఎక్కింది.

మరి 'దారి తప్పించడం' ఎక్కడిది? విలియం కాబెట్ అనే పత్రికా రచయిత దగ్గరిది. నోటి దురుసుకు, కలం దురుసుకు పేరుమోసినవాడు. 1807 ఫిబ్రవరిలో తన వారపత్రిక 'పొలిటికల్ రిజిస్టర్'లో ఒక కథ చెప్పాడు: చిన్నప్పుడు కుందేలు వెంటపడ్డ కుక్కలను ఈ చేపతో ఏమార్చేవాడట. ఆ కథ ఊరికే చెప్పలేదు. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు కబురు రాగానే లండన్ పత్రికలు సొంత దేశపు వ్యవహారాలను గాలికొదిలేసి దాని వెంటపడ్డాయి. ఆ కబురునే 'రాజకీయ రెడ్ హెర్రింగ్' అన్నాడు. 1833లో మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు. ఈ గుట్టు విప్పినవారు రాబర్ట్ స్కాట్ రాస్, జెరాల్డ్ కోహెన్ అనే పరిశోధకులు.

ఎదురుప్రశ్న: కాబెట్ చిన్నప్పుడు నిజంగానే ఆ పని చేసి ఉండవచ్చు కదా?

జవాబు: చేసే ఉండవచ్చు. సర్రే ప్రాంతపు ఫార్నమ్‌లో పల్లెవాతావరణంలో పెరిగినవాడే. కానీ ఒక పిల్లవాడి ఆకతాయితనాన్ని వేటగాళ్ల ఆచారం అనలేం. నన్నడిగితే ఆ ఆచారం లేకపోయినా నష్టం లేదు. కుక్క, వాసన, కుందేలు అంటే చాలు, అప్పటి పాఠకుడికి బొమ్మ కట్టినట్టు కనిపించేది. కాబెట్ పత్రికకు పాఠకులూ ఎక్కువే, కాబట్టి మాట త్వరగానే పాకింది. డిటెక్టివ్ కథల్లో స్థిరపడింది ఆ తర్వాతే. ఆయన దాన్ని వాడింది తోటి పత్రికలవాళ్లను దెప్పడానికి.