టెన్త్ అయ్యాక పాపని యూకే బోర్డింగ్ స్కూల్‌కి పంపొచ్చా? తర్వాత యూనివర్సిటీ సంగతేంటి?

కూకట్‌పల్లి నాన్న:
అందరికీ నమస్తే. నాది ప్రైవేట్ జాబ్, మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్. పాప సీబీఎస్ఈ టెన్త్. యూకేలో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్, మన ఇంటర్ లాంటి కోర్సు) బోర్డింగ్ స్కూల్లో సీటొచ్చింది, రెండేళ్లు, ఫీజులో ముప్పావు వంతు స్కాలర్‌షిప్. మిగతా పావు ఎలాగోలా కట్టేస్తాం అనుకోండి, కానీ ఆ రెండేళ్లయ్యాక ఏంటి అనేదే నిద్ర పట్టనివ్వట్లేదు. ఒకరోజు డాక్టర్ అంటది, ఇంకోరోజు ఎకనామిక్స్ అంటది. మా బావమరిదేమో "ఇక్కడే బైపీసీలో వేస్తే నీట్ కొట్టేది కదా బావా" అని రోజూ చెవిలో జోరీగ. అక్కడ చదివొచ్చి ఇక్కడ ఎంబీబీఎస్ చేయొచ్చా? అమెరికాకి అయితే ఎప్పుడు అప్లై చేయాలి? అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే మొత్తం మేమే చూస్కుంటాం అంటున్నారు, కట్టమంటారా?

నిజాంపేట అక్క:
అన్నయ్యా, ముందు మెడిసిన్ సంగతి తేల్చండి, మిగతావన్నీ దాని వెనకాలే. తెలంగాణలో ఎంబీబీఎస్‌కి లోకల్ కోటా కావాలంటే 9 నుంచి 12 దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివుండాలి. దీని మీద కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, రూల్ నిలబడింది. సర్కారు ఉద్యోగుల పిల్లలకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ మీ ఇద్దరిదీ ప్రైవేటే కదా. అంటే పాప వెళ్తే లోకల్ పోయినట్టే, నీట్ రాసుకోవచ్చు, గవర్నమెంట్ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా సీట్ల లాంటివాటికే పోటీ పడొచ్చు.

ఇంకోటి ఎవరూ చెప్పరు, ఐబీలో ఆరు సబ్జెక్టులు, మూడు హయ్యర్ లెవెల్, మూడు స్టాండర్డ్. మామూలు లెక్కలో సైన్సులు రెండే పడతాయి, ఎందుకంటే హిస్టరీయో ఎకనామిక్సో ఒకటి తీసుకోవాలి. నీట్‌కేమో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. మూడోది కావాలంటే స్కూలే ఐబీ దగ్గర స్పెషల్ పర్మిషన్ అడగాలి, అదీ మొదట్లోనే. మా చుట్టాలబ్బాయి బయాలజీ వదిలేసి ఆర్నెల్లయ్యాక డాక్టర్ అవుతానన్నాడు, అప్పటికి ఎవరూ ఏం చేయలేకపోయారు.

అందుకే పాపని కూర్చోబెట్టి అడగండి, బావమరిది లేనప్పుడు 🙂

ఐబీ అయిపోయినోడు:
అంకుల్, నేను యూకేలనే బోర్డింగ్ చేసిన, ఇప్పుడు అమెరికాల సెకండియర్. పైసలు కన్సల్టెన్సీకి అస్సలు కట్టకుండ్రి. అసలు పనంతా స్కూల్ కౌన్సెలర్ చేతిలనే ఉంటది, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) పంపేది ఆయనే, రికమెండేషన్ రాసేది ఆయనే, టీచర్ల లెటర్లు కూడా స్కూల్ నుంచే పోతయ్. మా అమ్మ భయపడి మన దగ్గర ఒకరికి కట్టింది, వాళ్లు అప్లికేషన్‌ల నా గురించి నేను రాయాల్సిన ఎస్సే రాసి పంపిండ్రు, అండ్ల నేనేదో చిన్నప్పటి నుంచి గోదావరి ఒడ్డున పెరిగినట్టు కథ, నేనేమో ఉప్పల్‌ల పుట్టి పెరిగిన. కౌన్సెలర్ రెండు లైన్లు చదివి "ఎవరిదిది" అని అడిగిండు. పరువు పోయింది.

టైం లెక్క చెప్త. ఐబీ ఫైనల్ పరీక్షలు మేల, రిజల్ట్ జులై మొదట్ల. కానీ యూనివర్సిటీల అప్లికేషన్లు అంతకు ముందే అయిపోతయ్, అందుకే టీచర్లు ప్రెడిక్టెడ్ గ్రేడ్స్ (ఫైనల్ల ఎన్నొస్తయో అంచనా) ఇస్తరు, మొత్తం 45కి. సెకండియర్ సెప్టెంబర్, అక్టోబర్‌ల అవి ఫిక్స్ అయితయ్, అంటే ఫస్టియర్ చివరి పరీక్షలు పోతే ఆట సగం పోయినట్టే. యూకే మెడిసిన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌కి అక్టోబర్ 15, అమెరికా ఎర్లీకి (అందరికన్న ముందు అప్లై చేసే రౌండ్) ఎక్కువగ నవంబర్ 1, మిగిలినయి జనవరి మొదట్ల. అదే టైంల ఐబీకి రాయాల్సిన 4000 పదాల పరిశోధన వ్యాసం, ఎక్స్‌టెండెడ్ ఎస్సే, కూడా నెత్తి మీద ఉంటది. నవంబర్‌ల నేను మూడు రోజులు సరిగ్గ పండలే.

స్కాలర్‌షిప్ సంగతి మాత్రం జాగ్రత్త. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్నే విదేశీ పిల్లల దగ్గర పైసలున్నయా లేవా చూడకుండ సీటిస్తయ్. మిగిలిన చాలా వాటిల "మాకు ఎయిడ్ (ఫీజుకి ఆర్థిక సాయం) కావాలి" అని టిక్ పెడితే సీటు మీద దెబ్బ పడొచ్చు. పాపది యూడబ్ల్యూసీ (యునైటెడ్ వరల్డ్ కాలేజెస్ అనే ఇంటర్నేషనల్ స్కూళ్ల గ్రూప్) స్కూల్ అయితే డేవిస్ ప్రోగ్రాం అని ఉంది, అండ్ల చేరిన అమెరికన్ కాలేజీలల్ల వాళ్ల పిల్లలకి ఎయిడ్ దొరుకుతది. ఏ స్కూలో చెప్పలే మీరు.

ఉప్పల్ ఎక్స్‌ప్రెస్:
అంత దూరం పంపి నెలకోసారి ఏడ్చే బదులు ఇక్కడే చదివించండి సార్. నా మాట నచ్చకపోతే వదిలేయండి.

కూకట్‌పల్లి నాన్న:
అందరికీ థాంక్స్. ఇవాళ పాపని బాల్కనీలో కూర్చోబెట్టి అడిగా. పది నిమిషాలు గోడ మీద పెయింట్ గీకుతూ కూర్చుని, "డాక్టర్ అనేది మామయ్య కోసం చెప్పా నాన్నా" అంది. ఏమనాలో నాకు అర్థం కాలేదు. వెళ్తుంది. కన్సల్టెన్సీ క్యాన్సిల్. ఇక్కడి స్కూల్ నుంచి ఏమైనా తీసుకుని పెట్టుకోవాలా?

ఐబీ అయిపోయినోడు:
అవును అంకుల్, అది మర్చిపోయిన! అమెరికా కాలేజీలు నైన్త్ నుంచి మార్కులు అడుగుతయ్. నైన్త్, టెన్త్ మార్క్‌షీట్లు స్కూల్ స్టాంపుతో రెండు మూడు సెట్లు ఇప్పుడే తీసుకోండ్రి. మా అమ్మ మే ఎండల మూడుసార్లు తిరిగింది, క్లర్క్ లీవు, ప్రిన్సిపల్ ఊర్ల లేదు, స్టాంప్ ప్యాడ్ ఎండిపోయింది.

నిజాంపేట అక్క:
ఆవకాయ చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టండి అన్నయ్యా, హ్యాండ్ బ్యాగ్‌లో పెడితే శంషాబాద్‌లోనే తీసేయొచ్చు. డబ్బాకి మూత కింద కవర్ వేసి, పైన టేప్ చుట్టి, పాత టవల్‌లో చుట్టండి. మావాడి మొదటి ట్రిప్‌లో నూనె కారి తెల్ల యూనిఫాం షర్టులన్నీ పసుపు రంగు.